30 మెగావాట్ల జియోథర్మల్ ప్లాంట్: నెవాడాలోనా, యూటాలోనా? రాష్ట్ర పన్ను రాయితీల్లో నిజంగా చేతికి వచ్చేది ఎంత?

ఆవిరి30 అడిగారు:

నెట్ 30 మెగావాట్ల బైనరీ ప్లాంట్‌కి (భూగర్భ వేడినీటితో ఇంకో ద్రవాన్ని మరిగించి టర్బైన్ తిప్పే రకం) ఫైనాన్షియల్ మోడల్ కడుతున్నాం. గ్రాస్ 38 మెగావాట్లు, అందులో 8 మెగావాట్లు బావి పంపులకీ, కూలింగ్ ఫ్యాన్లకీ పోతుంది. పెట్టుబడి 150 మిలియన్ డాలర్లు అనుకుంటున్నాం, అందులో అమ్మకపు పన్ను పడే సామాను 60 మిలియన్ దాకా ఉంటుంది. లోడ్ ఫ్యాక్టర్ (పూర్తి సామర్థ్యంలో సగటున ఎంత నడుస్తుందో) 90 శాతం వేశాం, అంటే ఏడాదికి 23.65 కోట్ల యూనిట్లు. రెండు సైట్లు చేతిలో ఉన్నాయి: ఒకటి నెవాడా చర్చిల్ కౌంటీలో, ఇంకొకటి యూటా బీవర్ కౌంటీలో.

ఫెడరల్ క్రెడిట్ (కట్టాల్సిన కేంద్ర పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) సంగతి తెలుసు. రాష్ట్రాల దగ్గరే తికమకగా ఉంది. నెవాడాలో "55 శాతం ఆస్తి పన్ను తగ్గింపు" అంటారు, యూటాలో "యూనిట్‌కి 0.35 సెంట్లు" అంటారు. రెండిటినీ ఒకే తక్కెడలో ఎలా తూచాలి? మోడల్‌లో ఏ వరుసలో ఎంత వేస్తే బ్యాంకువాళ్లు కొట్టేయకుండా ఉంటారు?


పన్నులపద్దు:

ముందు నెవాడా చూద్దాం. అక్కడ కార్పొరేట్ ఆదాయపు పన్నే లేదు. కాబట్టి "క్రెడిట్" అనే మాటకి చోటు లేదు, ఇచ్చేదంతా కట్టాల్సిన పన్నులో కోత. చట్టం నెవాడా రివైజ్డ్ స్టాట్యూట్స్ 701ఎ అధ్యాయం, నడిపేది గవర్నర్స్ ఆఫీస్ ఆఫ్ ఎనర్జీ. 10 మెగావాట్లు, ఆపైన ఉండాలి. మీకు అది ఇబ్బంది కాదు.

ఆస్తి పన్ను లెక్క ఇలా వస్తుంది. నెవాడాలో పన్ను వేసేది పన్ను విలువ మొత్తం మీద కాదు, అందులో 35 శాతం మీద. 150 మిలియన్లకి 52.5 మిలియన్లు. కౌంటీ, జిల్లాల రేట్లన్నీ కలిపి వందకి 3 డాలర్లు అనుకుంటే (చట్టం పెట్టిన గరిష్ఠం 3.64) మొదటి ఏడాది పన్ను 15.75 లక్షల డాలర్లు. 55 శాతం కోత పోతే మీరు కట్టేది 7.09 లక్షలు. ఇది 20 ఏళ్లు నడుస్తుంది. తరుగుదల వల్ల ఏటేటా ఆ పన్నే తగ్గుతుంది, దాంతో రాయితీ కూడా తగ్గుతుంది. చాలా మోడళ్లలో మొదటి ఏడాది రాయితీని 20తో గుణించేస్తారు, బ్యాంకు తరఫు ఇంజనీరు ముందు పట్టుకునేది దాన్నే.

అమ్మకపు పన్ను 2.6 శాతానికి దిగుతుంది, మూడేళ్లపాటు. చర్చిల్ కౌంటీ రేటు 7.6 శాతం కాబట్టి మీ 60 మిలియన్ల సామాను మీద సరిగ్గా 5 శాతం, అంటే 3 మిలియన్లు మిగులుతుంది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. ఆ 55 శాతం కోత 361వ అధ్యాయం కింద పడే ఆస్తి పన్నుకి మాత్రమే. జియోథర్మల్‌కి నెవాడాలో ఇంకో పన్ను ఉంది: 362వ అధ్యాయం కింద నెట్ ప్రొసీడ్స్ ఆఫ్ మినరల్స్, అంటే ఖనిజాల నికర రాబడి మీద పన్ను. భూమిలోంచి తీసిన వేడిని ఖనిజంలాగే చూస్తారు. బంగారం గనికి రేటు పద్ధతి వేరు, జియోథర్మల్‌కి మాత్రం ఆ ప్రాంతంలోని మొత్తం ఆస్తి పన్ను రేటే వేస్తారు. దీనికి 701ఎ కోత తగలదు. మీ మోడల్‌లో ఈ వరుస లేకపోతే ఇవాళే పెట్టండి, పైన చెప్పిన రాయితీలో కొంత ఇక్కడ తిరిగి పోతుంది. ఏటా రాబడి 4 మిలియన్లు దాటితే కామర్స్ ట్యాక్స్ (వ్యాపార రాబడి మీద పన్ను) కూడా ఉంటుంది, అది చిన్నదే.


బోరుబావి:

పైన చెప్పిన లెక్కలు సరే, వాటిని దెబ్బతీసేది గడియారం. అమ్మకపు పన్ను మూడేళ్లు దరఖాస్తు ఆమోదించిన తేదీ నుంచి మొదలవుతాయి, ప్లాంట్ నిర్మాణం నుంచి కాదు. సోలార్ వాళ్లకి ఇది పెద్ద విషయం కాదు, వాళ్లు ఏడాదిన్నరలో కట్టేస్తారు. జియోథర్మల్‌లో మొదటి అన్వేషణ బావికీ, టర్బైన్ సైట్‌కి చేరడానికీ మధ్య మూడేళ్లు సులువుగా గడిచిపోతాయి. తొందరపడి ముందే ఆమోదం తెచ్చుకుంటే, ఖరీదైన హీట్ ఎక్స్ఛేంజర్లూ, ఎయిర్-కూల్డ్ కండెన్సర్లూ దిగేనాటికి గడువు అయిపోతుంది. ఆలస్యం చేస్తే కేసింగ్ పైపులూ, సిమెంటూ, బావి పంపులూ పూర్తి రేటుకి కొన్నట్టే. కట్టేసిన పన్ను వెనక్కి రాదు.

ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా బావులదే అయినా, అందులో ఎక్కువ భాగం రిగ్గు సేవలు, కూలీ. పన్ను పడే సామాను బరువంతా ఉపరితల ప్లాంట్‌లోనే ఉంటుంది. కాబట్టి నా ఓటు: నిర్ధారణ బావులు పరీక్షించి ప్రవాహం తేలిన తర్వాత, టర్బైన్ ఆర్డర్ సంతకానికి ముందు ఆమోదం చేతిలో ఉండేలా చూసుకోండి. మొదటి బావుల కేసింగ్ మీద పోయే పన్నుని ఖర్చుగానే రాసుకోండి.

రెండోది ఉద్యోగాల షరతు. జనాభా లక్షలోపు కౌంటీలో (చర్చిల్ అలాంటిదే) నిర్మాణం రెండో త్రైమాసికంలో కనీసం 50 మంది పూర్తికాల కార్మికులు ఉండాలి, వాళ్లలో సగం నెవాడా వాసులు, పెట్టుబడి కనీసం 3 మిలియన్లు. లక్ష దాటిన కౌంటీలో ఇవి 75 మంది, 10 మిలియన్లు. నిర్మాణ కార్మికుల సగటు గంట వేతనం రాష్ట్ర సగటులో కనీసం 175 శాతం, ప్లాంట్ సొంత ఉద్యోగులకి 110 శాతం, పైగా ఆరోగ్య బీమా. "రెండో త్రైమాసికం" అన్నచోట ఆగి చూడండి. రోడ్డు చదును చేసి, డ్రిల్లింగ్ ప్యాడ్ వేసిన రోజునే నిర్మాణం మొదలైందని కాగితం మీద రాసుకుంటే, రెండో త్రైమాసికంలో సైట్ మీద ఉండేది ఒక రిగ్గు సిబ్బంది మాత్రమే. 50 ఎక్కడ తేలుతుంది? ఉపరితల ప్లాంట్ పునాదుల పనిని నిర్మాణ ప్రారంభంగా చూపించేట్టు షెడ్యూల్ రాయాలి, అదే తేదీ దరఖాస్తులోనూ, కాంట్రాక్టులోనూ ఉండాలి. రెండుచోట్ల రెండు తేదీలుంటే ఆడిట్‌లో దొరికిపోతారు.

మూడోది కాంట్రాక్టు. టర్న్‌కీ పద్ధతిలో మొత్తానికి ఒకే ధర కడితే సామాను కొనేది కాంట్రాక్టరే, పన్ను కట్టేదీ అతనే, ధరలో కలిపేసేదీ అతనే. రాయితీ పత్రం మీ ఫైల్లో ఉండి ఏం లాభం? సామాను ధర విడిగా చూపించాలనీ, సబ్-కాంట్రాక్టర్లు కూడా రాయితీ పత్రం వాడి కొనాలనీ, తగ్గిన పన్ను ధరలోంచి కొట్టేయాలనీ మూడు వాక్యాలు కాంట్రాక్టులో ఉండాలి.


పన్నులపద్దు:

బోరుబావి గారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. జియోథర్మల్‌కి మాత్రం ఆస్తి పన్ను కోతకి కౌంటీ కమిషనర్ల బోర్డు ఆమోదం కావాలి. వాళ్లు ఇష్టమొచ్చినట్టు కాదనడానికి లేదు. ప్లాంట్ కోసం స్థానిక ప్రభుత్వం చేయాల్సిన సేవల ఖర్చు వచ్చే పన్ను కంటే ఎక్కువైతేనో, ఉద్యోగాలూ మిగతా పన్నుల రూపంలో వచ్చే లాభం వదులుకున్న పన్నుని మించకపోతేనో కాదనొచ్చు. 30 రోజుల్లో ఏదీ తేల్చకపోతే ఆమోదించినట్టే లెక్క.

అందుకని బోర్డు ముందుకి రంగుల స్లైడ్లతో కాదు, ఒక పేజీ పట్టికతో వెళ్లాలి. ఎడమ పక్క: రోడ్డు మరమ్మతు, అగ్నిమాపకం, షెరిఫ్ గస్తీ, ఏడాదివారీ ఖర్చు. కుడి పక్క: కోత పోగా మిగిలే ఆస్తి పన్ను, నెట్ ప్రొసీడ్స్ పన్ను. నెట్ ప్రొసీడ్స్ గురించి ఇందాక తిట్టుకున్నాం కదా, ఇక్కడ అదే మీ పక్షాన నిలబడుతుంది.


ఆవిరి30:

నెట్ ప్రొసీడ్స్ వరుస మా మోడల్‌లో నిజంగానే లేదు. ధన్యవాదాలు. యూటా సంగతి ఎవరైనా చెప్తారా? అక్కడ నగదే ఇస్తున్నారు కాబట్టి సులువనిపిస్తోంది.


సెంటుకుసెంటు:

సులువే, కానీ పైకి కనిపించేంత కాదు.

యూటాలో 660 కిలోవాట్లు, ఆపైన ఉన్న వాణిజ్య జియోథర్మల్ ప్లాంట్‌కి నాలుగేళ్లపాటు యూనిట్‌కి 0.35 సెంట్ల ఉత్పత్తి క్రెడిట్ ఉంది. ఇది రిఫండబుల్: కట్టాల్సిన పన్ను లేకపోయినా రాష్ట్రం చెక్కు ఇస్తుంది. మొదటి ఏళ్లలో తరుగుదల వల్ల పన్ను ఆదాయం సున్నా చూపించే ప్లాంట్‌కి ఈ ఒక్క మాటే చాలా విలువైనది. మీ 23.65 కోట్ల యూనిట్లకి ఏడాదికి 8.28 లక్షల డాలర్లు, నాలుగేళ్లకి 33 లక్షలు.

ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది గ్రాస్, నెట్. ఎవరో ఒకరు 38 మెగావాట్లతో గుణించి 10.49 లక్షలు వేస్తారు. 2.2 లక్షల తేడా, నాలుగేళ్లకి దాదాపు 9 లక్షలు. గ్రిడ్‌కి అమ్మే చోట ఉన్న మీటరు రీడింగే వేయండి. సొంత పంపులకి వాడింది కూడా "వాడకం" కిందికే వస్తుందన్న వాదనతో కట్టిన మోడల్‌ని అప్పిచ్చేవాడు ఒప్పుకోడు.

రెండోది, 48 నెలలు ప్లాంట్ వాణిజ్య సేవలోకి వచ్చినప్పటి నుంచి తిరుగుతాయి, ఆగవు. కొత్త బావి క్షేత్రం మొదటి ఆరు నెలలు ఒద్దికగా నడవడం అరుదు. పంపు షాఫ్ట్ పోవడం, ఇంజెక్షన్ బావి (వాడిన నీటిని తిరిగి భూమిలోకి పంపేది) నీటిని అనుకున్నంత తీసుకోకపోవడం, గొట్టాల్లో సున్నపు పొర కట్టడం మామూలే. ఆ ఆరు నెలలు 90 బదులు 60 శాతం మీద నడిస్తే 1.38 లక్షల క్రెడిట్ పోయినట్టే, చివర్లో కలపరు. మీ చేతిలో ఉన్నది ఒక్కటే: పరీక్షలన్నీ పూర్తి చేసి, ఇంజెక్షన్ కుదురుకున్నాకే వాణిజ్య ప్రారంభం ప్రకటించడం. కొనుగోలు ఒప్పందంలో ఆ తేదీకి జరిమానా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, తరచుగా జరిమానాయే పెద్దదవుతుంది.

పెద్ద ప్లాంట్లకి యూటాలో ఇంకోటి ఉంది, ఆల్టర్నేటివ్ ఎనర్జీ డెవలప్‌మెంట్ ఇన్సెంటివ్. 2 మెగావాట్ల పైన, ప్రాజెక్టు వల్ల రాష్ట్రానికి కొత్తగా వచ్చే పన్నులో 75 శాతం, 20 ఏళ్లదాకా. వినడానికి బ్రహ్మాండం. కానీ "కొత్తగా వచ్చే రాష్ట్ర పన్ను" అంటే కార్పొరేట్, అమ్మకపు, జీతాల మీది పన్ను. జియోథర్మల్ ప్లాంట్‌లో నడిపే మనుషులు కొద్దిమందే, మొదటి ఏళ్లలో పన్ను ఆదాయమే ఉండదు, ఆస్తి పన్ను వెళ్లేది కౌంటీకి. సున్నాలో 75 శాతం సున్నాయే. పైగా ఇది రిఫండబుల్ కాదు. అప్పు తీర్చే లెక్కలో దీన్ని వేయకండి, పైన పడే చిల్లరగా చూడండి.

యంత్రాల మీద అమ్మకపు పన్ను మినహాయింపు కూడా ఉంది: 2 మెగావాట్ల పైన కొత్త ప్లాంట్‌కి, 5 ఏళ్లు, ఆపైన ఆయుష్షు ఉన్న సామానుకి. దీని గడువు 2027 జూన్ 30. ఆర్డర్ ఆ లోపల ఇచ్చినా సామాను తర్వాత వస్తే కొనుగోలు ఎప్పుడు జరిగినట్టు అన్న తగువు వస్తుంది. యాజమాన్యం చేతులు మారే తేదీని ఒప్పందంలో గడువు లోపలే స్పష్టంగా పెట్టుకోవడం మేలు.

ఆస్తి పన్నుకి యూటాలో నెవాడాలాంటి అచ్చు పోసిన కోత లేదు. కౌంటీతో మాట్లాడి, కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ ఏరియా కింద పెరిగిన పన్నులో కొంత భాగం వెనక్కి తెచ్చుకోవాలి. అది బేరం, చట్టం ఇచ్చే హక్కు కాదు.


బోరుబావి:

ఆవిరి30 గారు, రెండు రాష్ట్రాలనీ తూచేముందు ఇంకో మాట. అమ్మకపు పన్ను మిగిలింది 3 మిలియన్లు అని సంబరపడకండి. కట్టిన పన్ను సామాను ఖరీదులో భాగం. పన్ను తగ్గితే ఖరీదు తగ్గుతుంది, ఖరీదు తగ్గితే దాని మీద వచ్చే 30 శాతం ఫెడరల్ పెట్టుబడి క్రెడిట్ 9 లక్షలు తగ్గుతుంది. నికరంగా 2.1 మిలియన్లు.


సెంటుకుసెంటు:

అది పెట్టుబడి క్రెడిట్ తీసుకుంటేనే కదండీ. 90 శాతం లోడ్ ఫ్యాక్టర్ ఉన్న ప్లాంట్‌కి ఉత్పత్తి క్రెడిట్ వైపే మొగ్గు. వేతన, అప్రెంటిస్ షరతులు తీర్చితే యూనిట్‌కి సుమారు 3 సెంట్లు, ఏడాదికి 7.1 మిలియన్లు, పదేళ్లు. ఆ దారిలో వెళ్తే అమ్మకపు పన్ను కోత వల్ల ఫెడరల్ క్రెడిట్ పైసా తగ్గదు, తరుగుదల మాత్రం కొంచెం తగ్గుతుంది. ఫెడరల్ 7.1 మిలియన్ల పక్కన యూటా ఇచ్చే 0.83 మిలియన్ పెట్టి చూస్తే, రాష్ట్ర రాయితీ కూరలో ఉప్పులాంటిదని తెలుస్తుంది. దానికోసం సైట్ ఎంచుకోరు.


పన్నులపద్దు:

ఒప్పుకుంటాను, ఒక సవరణతో. రాష్ట్రం ఇచ్చే రిఫండ్ చెక్కు, అంటే కట్టాల్సిన పన్నుని మించి వచ్చే భాగం, ఫెడరల్ పన్నుకి ఆదాయమే. 2015లో మేన్స్ కేసులో ఫెడరల్ ట్యాక్స్ కోర్టు న్యూయార్క్ క్రెడిట్ల మీద ఇదే తేల్చింది. కాబట్టి 8.28 లక్షల్లో 21 శాతం ఫెడరల్ కార్పొరేట్ పన్ను పోగా 6.54 లక్షలే మిగులుతుంది. నెవాడా ఆస్తి పన్ను కోతకీ ఇదే న్యాయం: తగ్గిన పన్ను ఖర్చుగా చూపించలేరు కాబట్టి ఆదా అయిన డాలర్ విలువ 79 సెంట్లు. రెండిటినీ పన్ను తర్వాతి లెక్కలోకి మార్చాకే పోల్చండి, లేకపోతే మామిడికాయల్ని చింతకాయలతో తూచినట్టు ఉంటుంది.

ఇక బావుల తవ్వకం ఖర్చు. అందులో సామాను కాని భాగాన్ని (కూలీ, ఇంధనం, మట్టి ద్రావణం, రిగ్గు అద్దె) ఫెడరల్ చట్టం జరిగిన ఏడాదే ఖర్చు రాసుకోనిస్తుంది. అలా రాసుకున్న డాలర్ పెట్టుబడి క్రెడిట్ లెక్కలోకి మళ్లీ రాదు. ఒకే బావిని రెండు వరుసల్లో చూపించిన మోడళ్లు తరచూ కనిపిస్తాయి.


వేడినేల:

మిగతా రాష్ట్రాల్ని వదిలేయకండి, ముఖ్యంగా ఐడహోని. అక్కడ జియోథర్మల్ ఉత్పత్తిదారుకి ప్లాంట్ మీద ఆస్తి పన్ను ఉండదు, బదులుగా విద్యుత్తు రాబడిలో 3 శాతం కట్టాలి. మెగావాట్ అవర్‌కి 70 డాలర్లు అనుకుంటే మీ రాబడి 16.56 మిలియన్లు, పన్ను 4.97 లక్షలు. కోత పోయాక నెవాడా మొదటి ఏడాది 7.09 లక్షల కంటే తక్కువ, 20 ఏళ్ల గడువూ లేదు. అసలు అందం ఏంటంటే, పంపు చెడి మూడు నెలలు ప్లాంట్ ఆగితే పన్ను కూడా ఆగుతుంది. ఆస్తి పన్ను అలా జాలి చూపించదు. కాకపోతే ఐడహోలో కార్పొరేట్ ఆదాయపు పన్ను ఉంది. ఐడహో అమ్మకపు పన్ను రిఫండ్ గురించి ఇంకా కొన్ని పాత జాబితాల్లో కనిపిస్తుంది, అది 2011లోనే ముగిసింది.

న్యూ మెక్సికో 2024లో చేసిన చట్టంతో యూనిట్‌కి 1.5 సెంట్లు ఇస్తోంది, యూటాకి నాలుగు రెట్లకి పైనే. కానీ రాష్ట్రం మొత్తానికి ఏడాదికి 5 మిలియన్ల సీలింగు. భాగించి చూడండి: 33.3 కోట్ల యూనిట్లు, అంటే మీ లోడ్ ఫ్యాక్టర్‌కి దాదాపు 42 మెగావాట్లు. మీ ప్లాంటొక్కటే 3.55 మిలియన్లు తినేస్తుంది. ముందు ఇంకొకరు క్యూలో ఉంటే మీకు మిగిలేది అడుగున ఉన్నది. సీలింగు ఉన్న రాయితీలో రేటు కంటే వరుస ముఖ్యం.

కొలరాడోలో యూనిట్‌కి 0.3 సెంట్ల ఉత్పత్తి క్రెడిట్‌తో పాటు అన్వేషణ దశ ఖర్చుకి కూడా పెట్టుబడి క్రెడిట్ ఉంది. బావి ఎండిపోతుందేమో అన్న భయం ఉన్నప్పుడే ఆదుకునేది అది, అందుకే చిన్న రేటైనా దాన్ని తక్కువ చేయను. కాలిఫోర్నియాలో విద్యుదుత్పత్తి సామానుకి అమ్మకపు పన్నులో 3.9375 శాతం మినహాయింపు 2030 జూన్ 30 దాకా ఉంది, ఏడాదికి 200 మిలియన్ల కొనుగోళ్ల వరకు. అమ్మేవాడికి సీడీటీఎఫ్ఏ (రాష్ట్ర పన్నుల శాఖ) వారి 230-ఎం పత్రం ఇవ్వాలి. అక్కడ సోలార్‌కి ఉన్న ఆస్తి పన్ను మినహాయింపు జియోథర్మల్‌కి రాదు. హవాయిలోనూ అంతే, రాష్ట్ర పునరుత్పాదక క్రెడిట్ సోలార్‌కీ, గాలికీ మాత్రమే. "రెన్యూవబుల్" అన్న పదం చూసి జియోథర్మల్ ఉందనుకుంటే ఇలాంటి చోట్లే బోల్తా పడతాం. నిర్వచనంలో భూతాపం పేరు ఉందో లేదో చదివాకే మోడల్‌లో వరుస తెరవండి.


ఆవిరి30:

నెట్ ప్రొసీడ్స్ చేర్చి, పన్ను తర్వాతి లెక్కలోకి మార్చి రెండు షీట్లూ మళ్లీ కడుతున్నాం. చివరిగా ఒకటి: నెవాడా సైట్‌కి వెళ్తే, సంతకాలు ఏ వరుసలో జరగాలి?


బోరుబావి:

నిర్ధారణ బావి ప్రవాహ పరీక్ష రిపోర్టు, దాని వెంటనే ఎనర్జీ ఆఫీసుకి దరఖాస్తు, సమాంతరంగా కౌంటీ బోర్డుకి ఆ ఒక పేజీ పట్టిక. ఆమోదం తేదీ తెలిసే దాకా టర్బైన్ సరఫరాదారుకి స్లాట్ డిపాజిట్ (తయారీ వరుసలో చోటు పట్టుకునే బయానా) మాత్రమే ఇవ్వండి, కొనుగోలు ఒప్పందం వద్దు. ఆమోదం వచ్చాక టర్న్‌కీ కాంట్రాక్టు, అందులో పైన చెప్పిన మూడు వాక్యాలు. పునాదులు తవ్విన రోజు నుంచి రోజువారీ హాజరు పట్టీలో ప్రతి కార్మికుడి పక్కన నివాస రాష్ట్రం, గంట వేతనం, బీమా వివరం రాయించండి. ఆరు నెలల తర్వాత సబ్-కాంట్రాక్టర్ల వెంటపడి ఇవి పోగేయడం కుదిరే పని కాదు, ఆ 50 మందిని రుజువు చేయాల్సింది ఆ పట్టీతోనే.